చెప్పుకోని బాధకు వారసులుంటారు

(జహీరాబాద్‌లో జరిగిన ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో సాధారణంగా విద్య గురించి, ఉద్యోగాల గురించి, రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి మాట్లాడుకుంటాము. అవన్నీ అవసరమైన విషయాలే. ఈ రోజు నిర్వాహకులు నాకు అప్పగించిన విషయం వేరు. గతంలో పడిన కష్టాల వలన మనసుకు తగిలిన గాయాలు ఎలా మానుతాయి అన్నది ఆ విషయం. నేను వైద్యుణ్ణి కాను, ఆలిమ్‌ను కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. అందుచేత నాకు తెలిసిన భాషలోనే చెబుతాను.

పట్టాదారు చనిపోతే అతని భూమిని వారసుల పేరిట ఎక్కించడాన్ని మా శాఖలో విరాసత్ అంటారు. భూమికి విరాసత్ ఉన్నట్టే బాధకూ విరాసత్ ఉన్నది. చెప్పుకోని బాధ మనిషితో పాటు మట్టిలో కలిసిపోదు. భయంగానో, కోపంగానో, కారణం తెలియని దిగులుగానో పిల్లల పేరిట ఎక్కుతుంది. ఆ బాధను మాటలలో పెట్టి, ఉన్నది ఉన్నట్టు రాసి, రాసినదానిని ఆ మనిషికే గౌరవంతో తిరిగి అప్పగించినప్పుడు గాయం మానడం మొదలవుతుంది. ఈ ఒక్క మాట చెప్పడానికే మీ ముందు నిలబడ్డాను.

పింఛను కాగితాల దగ్గర విన్నవి

వృద్ధాప్య పింఛను దరఖాస్తులో వయస్సు రాయాలి. ఆనాటి పెద్దలలో పుట్టిన తేదీ కాగితం ఉన్నవారు బహు అరుదు. అందుచేత ఏదో ఒక పెద్ద సంఘటనను గుర్తు చేసి, అప్పటికి మీరెంతవారని అడిగి వయస్సు అంచనా వేసేవాళ్ళం. ఈ ప్రాంతపు ముస్లిం వృద్ధులను అడిగితే జవాబు ఒకే తీరుగా వచ్చేది. 'పోలీస్ యాక్షన్ నాటికి నడిచే పిల్లను' అని ఒకరు, 'పోలీస్ యాక్షన్ అయిన ఏడాదికి నాకు పెళ్ళయింది' అని మరొకరు. ఆ మాట దగ్గర ఆగిపోయేవారు. అంతవరకు గలగలా మాట్లాడినవారు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నేల చూపులు చూసేవారు.

ఒక వృద్ధురాలు వితంతు పింఛను కోసం వచ్చింది. భర్త మరణించిన తేదీ చెప్పమన్నాను. 'తిరిగి రాలేదన్నాను గాని, చనిపోయాడని నేను అనలేదు' అన్నది. 1948 సెప్టెంబరులో ఆమె భర్త పొరుగూరి సంతకు వెళ్ళాడు. మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. శవం దొరకలేదు, జనాజా జరగలేదు, ఇద్దత్ ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరూ చెప్పలేదు. నలభై ఏళ్ళు గడిచిన తర్వాత ఒక ప్రభుత్వ కాగితం ఆమెను తేదీ అడుగుతున్నది. వేలిముద్ర వేస్తే భర్తను తానే చంపినట్టవుతుందేమోనని ఆమె చెయ్యి వణికింది. నెలకు కొద్ది రూపాయల పింఛను కోసం ఒక మనిషి ఎంతటి గడప దాటవలసి వస్తుందో ఆ రోజు నాకు అర్థమైంది.

మా ఇంట్లోనూ ఇటువంటి మౌనమే ఉండేది. మగ్రిబ్ అజాన్ కాగానే మా దాదీమా వీధి తలుపు గొళ్ళెం పెట్టేది. ఎందుకని అడిగితే 'పిల్లలకెందుకు' అనేది. 1948 నాటికి పసిగుడ్డు అయిన మా అమ్మ కూడా ఆ వేళకే తలుపు వేసేది. నేను ఈనాటికీ బస్సులో తలుపు దగ్గరి సీటే వెతుక్కుంటాను. దాదీమా దగ్గర కారణం ఉన్నది. మా అమ్మకు సగం కారణం తెలుసు. నాకు అలవాటు మాత్రమే దక్కింది. విరాసత్ అంటే ఇదే.

ఈ నేల మీద జరిగినది

చిన్నవాళ్ళు కూడా ఉన్నారు గనుక చరిత్రను క్లుప్తంగా చెబుతాను. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం ప్రభుత్వం లొంగిపోయింది. సైనిక చర్య ఐదు రోజులే నడిచింది. అయితే ఆ రోజులలోనూ, ఆ తరువాతి వారాలలోనూ అనేక పల్లెలలో సామాన్య ముస్లింలపై దారుణమైన హింస జరిగింది.

అంతకు ముందు రజాకార్లు చేసిన అకృత్యాలను దాచిపెట్టి ఈ కథ చెప్పడం న్యాయం కాదు. బైరాన్‌పల్లి వంటి గ్రామాలు ఆ గాయాన్ని ఇప్పటికీ మరువలేదు, మరువవలసిన పని కూడా లేదు. రజాకార్ల దౌర్జన్యాన్ని ధైర్యంగా విమర్శించిన 'ఇమ్రోజ్' పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదులో దారుణంగా చంపారు. ఆయన కూడా ముస్లిమే. రజాకార్లు చేసిన పాపానికి, వారితో ఏ సంబంధమూ లేని రైతు, నేతగాడు, దూదేకులవాడు, ఇంట్లో ఉన్న ఆడకూతురు మూల్యం చెల్లించవలసి వచ్చింది.

ఈ సంగతులు విచారించడానికి భారత ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో ఒక కమిటీని పంపింది. వారు 1948 నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు సంస్థానంలోని 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగారు. తాము చూడలేకపోయిన మరో 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడారు. పోలీస్ చర్య సమయంలోనూ, ఆ తరువాతా చనిపోయినవారు 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని వారి అంచనా. అందరికంటే ఎక్కువగా నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలని రాశారు.

ఇవన్నీ మహారాష్ట్ర, కర్ణాటకల సంగతులు గదా అని కొందరు యువకులు అంటూ ఉంటారు. మనం కూర్చున్న ఈ జహీరాబాద్, పక్కనున్న నారాయణఖేడ్ 1956 రాష్ట్రాల పునర్విభజన దాకా బీదర్ జిల్లాలోనివే. తాండూరు, కొడంగల్ గుల్బర్గా జిల్లాలోనివి. సరిహద్దు గీత తరువాత మారింది. దుఃఖం ఆ గీతకు ముందరిది.

అదే నివేదికలో మనం పిల్లలకు తప్పక చెప్పవలసిన మరొక సంగతి ఉన్నది. అనేక చోట్ల హిందూ ఇరుగుపొరుగువారు ముస్లింలను కాపాడారు. హిందూ నేతగాండ్రు తోటి ముస్లిం నేతగాండ్రను కాపాడబోయి ప్రాణాలు సైతం కోల్పోయారని కమిటీ రాసింది. చంపినవారి గురించి చెప్పి కాపాడినవారి గురించి చెప్పకపోతే మన సాక్ష్యం సగమే అవుతుంది. సగం సాక్ష్యం పిల్లలకు భయాన్ని ఇస్తుంది. పూర్తి సాక్ష్యం వారికి మనుషులను గుర్తుపట్టే తెలివిని ఇస్తుంది.

రెండు మౌనాలు

ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. కొన్ని భాగాలు పరిశోధకుల పుస్తకాల ద్వారా బయటికి వచ్చినా, ఢిల్లీలోని నెహ్రూ స్మారక మ్యూజియం, గ్రంథాలయంలో అది చదువరులకు అందుబాటులోకి వచ్చేసరికి 2013 అయింది. అప్పటికి 65 సంవత్సరాలు గడిచాయి. ఆ కమిటీ ముందు గొంతు విప్పినవారిలో ఎక్కువమంది, తమ మాట ఎక్కడైనా నమోదయిందో లేదో తెలియకుండానే లోకం విడిచి ఉంటారు.

ప్రభుత్వం మౌనం ఒకటి, ఇంటి మౌనం మరొకటి. ఇంటి మౌనానికి పెద్దలను తప్పు పట్టకూడదు. వారికి మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది భయం. దాడి చేసినవాడు అదే ఊళ్ళో తిరుగుతుంటే నోరు మెదపడం ఎలా? రెండవది పరువు. ఆడపిల్లలకు జరిగిన అన్యాయం బయటపడితే వారికి పెళ్ళి కాదన్న ఆందోళన. మూడవది వాత్సల్యం. పిల్లల మనసులో ద్వేషం పుట్టకూడదని, వాళ్ళు చదువుకొని హాయిగా బ్రతకాలని తమ బాధను మింగి ఊరుకున్నారు. ఆ మౌనం వెనుక గొప్ప త్యాగం ఉన్నది. వారికి మనం రుణపడి ఉన్నాము.

కాని పిల్లలు మాటలతోనే నేర్చుకోరు. తల్లి ముఖం చూసి నేర్చుకుంటారు. పోలీసు జీపు వీధిలోకి రాగానే తల్లి ఊపిరి బిగబట్టడం పిల్లవాడు చూస్తాడు. కారణం చెప్పనప్పుడు వాడే ఒక కారణం ఊహించుకుంటాడు. ఆ ఊహ నిజం కంటె భయంకరంగా ఉండవచ్చు. లేదా ఈ లోపం మనలోనే ఉన్నదని వాడు అనుకోవచ్చు. మన పిల్లలలో కొందరు తరగతిలో పేరు చెప్పడానికి జంకడం, ఇంకొందరు అకారణంగా ప్రతి మాటకూ పోట్లాటకు దిగడం మీరూ చూసే ఉంటారు. ఈ రెండూ ఒకే వేరుకు పుట్టిన కొమ్మలు కావచ్చు.

మనోగాయం ఈమాన్ లోపం కాదు

ఘోరమైన సంఘటనను అనుభవించిన మనిషికి సంవత్సరాలు గడిచినా నిద్ర పట్టకపోవడం, అదే దృశ్యం మళ్ళీ కళ్ళ ముందు జరుగుతున్నట్టు అనిపించడం, చిన్న శబ్దానికి ఉలిక్కిపడడం, ఆ చోటుకు పోకుండా తప్పించుకోవడం, ఆప్తుల మీద కూడా మనసు మొద్దుబారిపోవడం, ఊరికే కోపం రావడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఈ స్థితిని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అన్న పేరుతో తమ వ్యాధుల పట్టికలో చేర్చింది. కష్టపడిన ప్రతివారికీ ఈ జబ్బు వస్తుందని కాదు. అయినవారి ఆదరణ దొరికితే చాలామంది కాలక్రమాన కోలుకుంటారు. కోలుకోలేనివారికి వైద్యం ఉన్నది.

మనలో కొందరు ఇటువంటివారిని చూసి 'నమాజు చేస్తే అంతా పోతుంది, నీకు ఈమాన్ తక్కువ' అని మందలిస్తారు. నమాజు మనసుకు గొప్ప ఆసరా, సందేహం లేదు. అయితే దుఃఖపడేవానికి ఈమాన్ తక్కువ అనడానికి మన ధర్మంలో ఆధారం లేదు. యాఖూబ్ (అలై) కుమారుడు యూసుఫ్ (అలై) కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారని దివ్యఖుర్ఆన్ తెలుపుతున్నది. ఆయన దైవప్రవక్త. తన వేదనను అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారే గాని, వేదనే లేనట్టు నటించలేదు. మన ప్రవక్త ముహమ్మద్ (స) ఖదీజా (రజి)ను, పెదనాన్న అబూతాలిబ్‌ను కోల్పోయిన సంవత్సరాన్ని ముస్లింలు దుఃఖ సంవత్సరం అనే పిలుచుకుంటారు. చిన్నారి కుమారుడు ఇబ్రాహీమ్ చనిపోయినప్పుడు ఆయన కన్నీరు పెట్టుకున్నారు.

వైద్యం సంగతికి వస్తే, మనసుకు జబ్బు చేస్తుందని మన పూర్వీకులకు తెలియనిది కాదు. తొమ్మిదవ శతాబ్దంలో జన్మించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరం గురించి, మనసు గురించి కలిపి ఒక ఆరోగ్య గ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియని దుఃఖం వేరు అని అందులో విడదీసి చూపారు. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన పెద్ద ఆసుపత్రిలో మానసిక రోగులకు వేరుగా విభాగం ఉండేది. అటువంటి వారసత్వం గలవారము, కౌన్సెలింగ్‌కు పోవడాన్ని నామోషీగా భావించడం తగదు.

మానడానికి మూడు మెట్లు

జుడిత్ హెర్మన్ అనే అమెరికన్ మానసిక వైద్యురాలు 1992లో ఈ విషయంపై ఒక ప్రసిద్ధ గ్రంథం రాశారు. మనోగాయం మానడాన్ని ఆమె మూడు దశలుగా వివరించారు. మొదటిది భద్రత, రెండవది గుర్తు చేసుకొని దుఃఖించడం, మూడవది తిరిగి లోకంతో కలవడం. వీటిని మన ఇళ్ళకు అన్వయించి చెబుతాను.

మొదట భద్రత. గాయపడిన మనిషికి నిలకడైన నివాసం, వేళకు భోజనం, నిద్ర, నమ్మదగిన ఒకరిద్దరు మనుషులు కావాలి. ఇవి లేకుండా 'జరిగింది చెప్పు' అని అడగడం, కట్టు కట్టకుండా పుండు కెలకడమే. ఇంట్లో తాగి కొట్టే భర్త ఉన్నంతకాలం ఆ స్త్రీకి కౌన్సెలింగ్ సగమే పనిచేస్తుంది. ఆమెకు ముందు రక్షణ కావాలి.

రెండవది దుఃఖించడం. ఇస్లాం దుఃఖానికి ఒక కాలాన్ని, ఒక మర్యాదను ఏర్పరచింది. ఇరుగుపొరుగు అన్నం వండి పంపుతారు. తాజియత్‌కు వస్తారు. భర్త పోయిన స్త్రీకి 4 నెలల 10 రోజుల ఇద్దత్ ఉన్నది. 1948లో తప్పిపోయినవారి కుటుంబాలకు ఈ మర్యాదలేవీ దక్కలేదు. ఇప్పుడైనా మీ కుటుంబంలో ఆనాడు పోయినవారి పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఇంట్లో అందరూ కూర్చుని, ఆ పేర్లు ఒక్కొక్కటిగా చదివి, వారి మగ్ఫిరత్ కోసం దుఆ చేయండి. పేరు పలకడం చిన్న పనిగా కనిపిస్తుంది. డెబ్భై ఏళ్ళుగా ఆ పేరు పలకని ఇంట్లో అది చిన్న పని కాదు.

మూడవది తిరిగి కలవడం. మనిషి తన బాధ చుట్టూనే తిరగకుండా ఏదో ఒక పనిలో, ఒకరికి ఉపయోగపడే పనిలో చేరాలి. పిల్లలకు ఖుర్ఆన్ చదువు చెప్పడం కావచ్చు, కుట్టు నేర్పడం కావచ్చు, పొరుగింటి హిందూ సోదరి ఆసుపత్రిలో ఉంటే తోడు వెళ్ళడం కావచ్చు. తాను బాధితుడు మాత్రమే కాడని ఆ పని అతనికి గుర్తు చేస్తుంది.

ఇక్కడ క్షమాపణ గురించి ఒక మాట. 'అయిందేదో అయింది, క్షమించి మరచిపోండి' అని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు. ఉహద్ యుద్ధంలో దైవప్రవక్త (స) చిన్నాన్న హమ్జా (రజి)ను చంపిన వహ్షీ, తరువాత ఇస్లాం స్వీకరించి ప్రవక్త సన్నిధికి వచ్చాడు. ప్రవక్త (స) అతనిపై ప్రతీకారం తీర్చుకోలేదు. అయితే వీలైతే తన కంటికి కనిపించకుండా ఉండమని కోరారు. క్షమించడం వేరు, నొప్పి లేకపోవడం వేరు అని ఆ సంఘటన మనకు బోధిస్తున్నది. క్షమ గాయపడినవాని హక్కు. దానిని ఇతరులు వసూలు చేయరాదు.

వాంగ్మూలం ఒక మందు

కచేరీలో వాంగ్మూలం నమోదు చేయడానికి ఒక పద్ధతి ఉన్నది. మనిషి చెప్పినది చెప్పినట్టు రాయాలి. రాసినది అతనికి చదివి వినిపించాలి. సరిగా ఉన్నదని ఒప్పుకున్న తరువాతే సంతకమో, వేలిముద్రో తీసుకోవాలి. ఈ పద్ధతికి మనసును కుదుటపరచే శక్తి ఉన్నదని నేను అనేకసార్లు గమనించాను. 'ఇంతకాలానికి నా మాట కాగితం మీదికెక్కింది' అని తేలికపడి వెళ్ళినవారు ఉన్నారు, పని ఇంకా కాకముందే.

ఇది నా ఒక్కని అనుభవం కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. చిలీ దేశంలో 1973 తరువాత సైనిక పాలనలో చిత్రహింసలు అనుభవించినవారి మాటలను మానసిక నిపుణులు టేపులపై రికార్డు చేసి కాగితంపై పెట్టారు. సాక్ష్యంగా పనికివచ్చే ఆ పత్రం, చెప్పినవారి మనసుకు కూడా ఊరటనిస్తున్నదని గ్రహించి 1983లో ఆ పద్ధతిని ప్రచురించారు. మన దేశంలో వారణాసిలోని పీపుల్స్ విజిలెన్స్ కమిటీ ఆన్ హ్యూమన్ రైట్స్ అనే సంస్థ, డెన్మార్క్ నిపుణుల సహకారంతో 2000 దశకం చివర ఇదే పద్ధతిని పోలీసు హింసకు గురైనవారితో అమలు చేసింది. కొన్ని విడతలలో బాధితుని కథ విని రాస్తారు. దానిని అతనికి చదివి వినిపించి సరిచేస్తారు. తరువాత ఊరివారి సమక్షంలో సభ జరిపి, గౌరవంతో ఆ పత్రాన్ని అతని చేతికి అందిస్తారు. కొంతకాలం తరువాత మళ్ళీ వెళ్ళి పలకరిస్తారు. ఒకనాడు స్టేషన్‌లో అవమానపడిన మనిషి, అదే ఊరి ముందు గౌరవం పొందుతాడు.

మనం కూడా ఈ పని చేయవచ్చు. అయితే కొన్ని జాగ్రత్తలు పాటించాలి.

బలవంతం చేయకూడదు. చెప్పకుండా ఉండే హక్కు కూడా వారిదే. స్త్రీల మాటలను స్త్రీలే వినాలి. ఒకే రోజు అంతా అడగకూడదు, కన్నీళ్ళు వస్తే ఆగాలి, మంచినీళ్ళు ఇవ్వాలి, వేరే మాట మాట్లాడాలి. కథను భయంకరమైన చోట ఆపివేయకూడదు. ఆ తరువాత ఎలా బ్రతికారు, ఎవరు ఆదుకున్నారు, పిల్లలను ఎలా పెంచారు అన్నది కూడా అడిగి ముగించాలి. అనుమతి లేకుండా ఫోనులో వీడియో తీయడం, వాట్సాప్‌లో పెట్టడం ఘోరమైన ద్రోహం. వినేవారు తీర్పు చెప్పకూడదు, పెంచి రాయకూడదు. రాసిన పత్రం వారి సొత్తు. దాచుకుంటారో, మనవళ్ళకు ఇస్తారో, చింపివేస్తారో వారి ఇష్టం. చెప్పిన తరువాత రాత్రులు నిద్ర లేకుండా పోతే, చావు ఆలోచనలు వస్తే, మనం విని ఊరుకోకూడదు. వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.

కొత్త గాయాలు

బాధ అంటే 1948 ఒక్కటే కాదు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలిన తరువాత అనేకమంది ముస్లిం యువకులను పట్టుకుపోయారు. చిత్రహింసలు పెట్టారని వారు చెప్పారు. కోర్టులు నిర్దోషులుగా విడిచిపెట్టాయి. తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 70 మందికి మొత్తం 70 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. కేసులలో నిర్దోషులుగా తేలిన 20 మందికి తలా 3 లక్షలు, పట్టుకుపోయి విడిచిపెట్టిన 50 మందికి తలా 20 వేలు. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

ఆ మొత్తం ఎక్కువా తక్కువా అన్న చర్చ పక్కన పెడదాం. ఒక ప్రభుత్వం 'నీకు అన్యాయం జరిగింది' అని కాగితం మీద ఒప్పుకోవడం గాయపడినవానికి మందు వంటిది. ఆ కాగితాన్ని వెనక్కి తీసుకున్నప్పుడు పాత గాయం మళ్ళీ రేగుతుంది. అందుకే మనోగాయం మానడం, హక్కుల సాధన వేరువేరు పనులు కావని నేను గట్టిగా నమ్ముతాను. నిర్దోషిగా బయటికి వచ్చిన యువకునికి ఉద్యోగం ఇచ్చేవారు లేకపోతే, పిల్లనిచ్చేవారు లేకపోతే, ఏ కౌన్సెలింగ్ అతనిని నిలబెడుతుంది? ఇక్కడ మన వంతు కూడా ఉన్నది. ప్రభుత్వం అనుమానించిన మనిషిని కోర్టు వదిలిపెట్టినా మన మహల్లా వదిలిపెట్టకపోతే, ఆ పాపం మనది.

మరోవైపు, న్యాయం దక్కేదాకా కోలుకోనని కూర్చోవడం కూడా తగదు. కేసు ఏళ్ళ తరబడి నడవవచ్చు. అన్నేళ్ళూ పిల్లల బాల్యం ఆగదు. కోర్టులో పోరాటం సాగుతూ ఉండాలి, ఇంట్లో నవ్వు కూడా సాగుతూ ఉండాలి. అన్యాయం చేసినవారికి మన సంతోషాన్ని తాకట్టు పెట్టనవసరం లేదు.

మనకున్న హక్కులు

ఉపయోగపడే కొన్ని వివరాలు చెబుతాను, దయచేసి రాసుకోండి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వ్యవస్థలో మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు. మతం, కులం, లింగం చూసి వివక్ష చూపరాదు. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలి. అందుచేత ఊళ్ళో తెలిసిపోతుందని భయపడి ఆగిపోకండి. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పెద్ద ఆసుపత్రులు. ఎర్రగడ్డ పేరును మనం ఎగతాళికి వాడుకుంటాము. ఆ ఎగతాళి వినే, బాధలో ఉన్నవారు అక్కడికి పోవడానికి సిగ్గుపడుతున్నారు. ఈ రోజుతో ఆ పరిహాసం మానుకుందాం.

ఇల్లు కదలలేనివారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. టెలి మానస్ పేరిట 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత సేవ ఇది. పగలూ రాత్రీ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడవచ్చు.

న్యాయ సహాయం కావలసినవారు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి, జాతి హింసకు గురైనవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

సోదర సోదరీమణులారా! 1948లో ఎనిమిదేళ్ళ పిల్లలుగా ఉండి అన్నీ కళ్ళారా చూసినవారు ఇప్పుడు ఎనభై అయిదేళ్ళ ప్రాంతంలో ఉన్నారు. వారిలో ప్రతి సంవత్సరం కొందరిని ఖబరస్తానుకు సాగనంపుతున్నాము. వారితో పాటు వారి మాట కూడా పోతున్నది, వారి భయం మాత్రం మన దగ్గర ఉండిపోతున్నది. ఈ లెక్కను తలకిందులు చేయాలి. వారి భయాన్ని వారితో సాగనంపి, వారి మాటను మన దగ్గర ఉంచుకోవాలి.

ఈ సభకు వచ్చిన ప్రతి కుటుంబాన్నీ నేను కోరేది ఇంతే. ఈ నెలలో ఒక రోజు, ఇంట్లోని పెద్దవారి పక్కన టీ గ్లాసుతో కూర్చోండి. టీవీ ఆపండి, ఫోను పక్కన పెట్టండి. 'మీ చిన్నతనంలో ఈ ఊరు ఎలా ఉండేది?' అని అడగండి. గాయం గురించి అడగకండి, ఊరి గురించి అడగండి. చెప్పాలనుకున్నది వారే చెబుతారు. ఒక నోటు పుస్తకం తీసుకొని వారి మాటలలోనే రాయండి. చదివి వినిపించండి. ఆ రాతలో తప్పులుంటే వారు దిద్దుతారు. ఆ దిద్దే క్షణంలో వారి ముఖం చూడండి. తన కథకు తానే యజమాని అయిన మనిషి ముఖం అది.

గాయపడిన ప్రతి హృదయానికీ, అది ఏ మతస్థునిదైనా సరే, అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక. మన పిల్లలకు మన భయాన్ని కాక మన ధైర్యాన్ని వారసత్వంగా ఇచ్చే శక్తిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాం.